మనుబోతుకి ఏ గుండు?

(ఈ చలికాలం మొదటిసారి వేటకు వెళ్ళబోతున్న తెలుగువాళ్ళ కోసం, హ్యూస్టన్ దగ్గర ఒక ఆదివారం మధ్యాహ్నం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు. ఎవరికైనా కునుకు పడితే పట్టనివ్వండి, నేనేమీ అనుకోను. ముందు ఒక పని. ఈ రెండు చిన్న పొట్లాలు ముందు వరస నుంచి వెనక్కి పంపుతున్నాను. ఒక్కోదాంట్లో ఒక్కో గుండు ఉంది. రెండూ నేను కాల్చినవే, రెండూ మనుబోతుల్లోంచి తీసినవే. ఒకటి పువ్వులా విచ్చుకుని ఉంటుంది. రెండోది చూస్తే గుండు అనే అనుకోరు, నలిగిన రేకు ముక్క అనుకుంటారు. చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. నేను ఈవాళ చెప్పేదంతా ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా గురించే. మళ్ళీ నా చేతికి రావాలి సుమా.

మాటల దగ్గర ముందు తేల్చుకుందాం. మాది నల్లమల అంచున మార్కాపురం వైపు. మా తాత దగ్గర నాటు తుపాకీ ఉండేది, చేలో పందులు పడకుండా. గొట్టంలో మందు పోసేవాడు, పైన గుండు వేసి కూరేవాడు. మందు, గుండు. మందుగుండు అన్న మాట అక్కణ్ణించే కదా! ఇప్పుడు ఆ రెండూ ఒకే ఇత్తడి గొట్టంలో వస్తున్నాయి, దాన్ని తూటా అంటున్నాం. షాపుకెళ్ళి అందరూ అడిగేది తూటా గురించి. "త్రీ నాట్ ఎయిట్ మంచిదా, థర్టీ నాట్ సిక్స్ మంచిదా" అని. అవి తూటా సైజుల పేర్లు. జంతువు దాకా వెళ్ళేది తూటా కాదండీ. గుండు. ఇత్తడి మన కాళ్ళ దగ్గరే పడిపోతుంది. మరి వెళ్ళేదాని గురించి ఎవరూ ఎందుకు అడగరు?

నేనూ అడగలేదు లెండి, మొదట్లో. అది చెబుతాను.

టెక్సాస్‌లో మనం వెళ్ళబోయే వేటలో ఒక విచిత్రం ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఏది? కృష్ణజింక. తెలంగాణది? చుక్కల జింక. రెండూ ఇక్కడ ఉన్నాయి! 1932 ప్రాంతంలో తెచ్చి వదిలారు, టెక్సాస్ మధ్యలో కొండల ప్రాంతం హిల్ కంట్రీలో మందలు మందలుగా పెరిగాయి. ఇక మనుబోతు. ఉత్తరాదివాళ్ళు నీల్‌గాయ్ అంటారు, ఇక్కడివాళ్ళు నోరు తిరక్క నిల్‌గై అంటారు. 1930 ప్రాంతంలో కింగ్ రాంచ్ అనే పెద్ద పశువుల క్షేత్రం వాళ్ళు దక్షిణాన సముద్రం వైపు వదిలారు. ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నాయి. పైగా పశువుల జ్వరం తెచ్చే పిడుదుల్ని మోసుకు తిరుగుతాయని ప్రభుత్వానికి అదో తలనొప్పి. అక్కడ మన దేశంలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ప్రభుత్వ అనుమతి లేకుండా వీటి మీద చెయ్యి వెయ్యడానికి లేదు, వెయ్యకూడదు కూడా. ఇక్కడ ఇవి బయటి నుంచి వచ్చిన జంతువుల లెక్క. సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితి లేదు. లైసెన్సు మాత్రం కావాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కోర్సు తప్పనిసరి. అంటే ఈ హాల్లో నేనూ ఆ మూల కూర్చున్న మా బావగారూ తప్ప అందరూ చదవాల్సిందే. వీసా మీద ఉన్న తమ్ముళ్ళూ, తుపాకీ ముట్టుకునే ముందు లాయర్ని అడగండి. మీకు వేరే నిబంధనలున్నాయి. అది నా సబ్జెక్టు కాదు.

సరే, మూడు జంతువులు. కృష్ణజింక మగది 35, 40 కిలోలు. చుక్కల జింక పెద్ద మగది 80, 90. మనుబోతు మగది 250 దాటేవి ఉంటాయి. బరువొక్కటే కాదు తేడా. మనుబోతు మెడ, రొమ్ము మీద తోలు పట్టుకుని చూస్తే మీకు తెలుస్తుంది, చెప్పుల అడుక్కి కుట్టొచ్చు. జబ్బ ఎముక నా మణికట్టంత. ఒకే తుపాకీతో మూడింటికీ వెళతాం. తుపాకీ మారదు. మరి గుండు?

గుండు బరువు గ్రెయిన్లలో చెబుతారు. తూటాల పెట్టె మీద 150, 165, 180 అని ఉంటుంది. కొత్తవాళ్ళకి అది అంకె మాత్రమే, చేతికి తగలదు. అమ్మా, మీరు చెప్పండి, పాత తులం ఎంత? పదకొండు గ్రాముల అరవై ఆరు పాయింట్లు. కరెక్ట్! ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1833లో తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. వెండి రూపాయి బరువూ అదే. అంటే 180 గ్రెయిన్ల గుండు అంటే పాత తులం. ఇక మర్చిపోరు కదా? 150 అంటే తులానికి రెండు గ్రాములు తక్కువ. ఒక తులం సీసం, రాగి. దాంతో 250 కిలోల జంతువుని, అది బాధ తెలుసుకునేలోపే పడెయ్యాలి. అదీ మన ముందున్న లెక్క.

అదెలా పడుతుంది? చాలామంది అనుకునేది, దెబ్బకి పడుతుందని. పెట్టె మీద గుండు శక్తిని ఫుట్ పౌండ్లలో రాస్తారు, 2600 అనీ 2700 అనీ, లారీ గుద్దినట్టు ఉంటుందనుకుంటారు. అంత బలంతో తన్నితే తుపాకీ పట్టుకున్న మన భుజం ఏమైపోవాలి? గుండు చంపేది గుద్ది కాదు, కోసి. రెండు ఊపిరితిత్తుల్లోంచి వెడల్పుగా దారి చేసుకుంటూ వెళ్ళాలి. నెత్తురు కారిపోయి, మెదడుకి అందక, కొన్ని సెకన్లలో పడిపోతుంది. దీనికి గుండు రెండు పనులు చెయ్యాలి. విచ్చుకోవాలి, లోతుకి వెళ్ళాలి. ఇక్కడే ఉంది చిక్కంతా. ఈ రెండు పనులూ ఒకదానికొకటి శత్రువులు. ఎంత విచ్చుకుంటే అంత తొందరగా ఆగిపోతుంది. ఎంత గట్టిగా ఉంటే అంత లోతుకి పోతుంది, కానీ సూదిలా పోతుంది, రంధ్రం పూడుకుపోతుంది, జంతువు మైళ్ళు నడిచి ఎక్కడో చస్తుంది. గుండ్లు తయారుచేసే వాళ్ళంతా నూరేళ్ళకు పైగా ఈ రెండింటికీ రాజీ కుదర్చడానికే తంటాలు పడుతున్నారు.

విచ్చుకునే గుండుకి మన దేశంతో ఓ చుట్టరికం ఉంది, తెలుసా? కలకత్తా పక్కన డమ్‌డమ్. అక్కడి ఆయుధాగారంలో 1890ల్లో ముక్కు దగ్గర తొడుగు లేని గుండు చేశారు. ఊరి పేరే దాని పేరైపోయింది. 1899లో హేగ్‌లో దేశాలు కూర్చుని, చాలావరకు, యుద్ధంలో ఇలాంటివి వాడకూడదు అన్నాయి. కానీ వేటలో? కొలరాడో లాంటి రాష్ట్రాల్లో పెద్ద జంతువుల మీద విచ్చుకునే గుండే వాడాలని చట్టం. ఏమిటీ తిరకాసు? తిరకాసు కాదు. యుద్ధంలో గాయపడిన మనిషిని మోసుకెళ్ళడానికి మనుషులున్నారు, ఆసుపత్రి ఉంది. గాయపడిన మనుబోతుకి ఎవరున్నారు?

ఇప్పుడు నా కథ. చుక్కల జింక మీద నాలుగేళ్ళు ఒకే గుండు వాడాను. 150 గ్రెయిన్లు, ముక్కుకి ప్లాస్టిక్ మొన, తొడుగు పల్చన. అద్భుతంగా పనిచేసింది. కొట్టింది కొట్టినచోటే పడేది. నాకు గర్వం. అదే పెట్టె పట్టుకుని మనుబోతుకి వెళ్ళాను. కింద దక్షిణాన అంతా మెస్కీట్ పొదలు. మన సర్కారు తుమ్మకి దాయాదే అది, ముళ్ళూ అవే, అదే పీకుడు. పొదల మధ్య బాటలో 60 గజాల్లో పెద్ద మగది, అడ్డంగా నిలబడి ఉంది. అంత దగ్గర! జబ్బ మీద పెట్టాను, కాల్చాను. టప్‌మని తగిలిన చప్పుడు వినిపించింది. అది ముందుకాలు ఎత్తుకుని మూడు కాళ్ళ మీద పొదల్లోకి పోయింది.

నెత్తురు ఎంత ఉందనుకుంటున్నారు? నాలుగు చుక్కలు. ఆ తోలు మందం, పైన బురద, చిన్న రంధ్రం. చీకటి పడేదాకా పాక్కుంటూ తిరిగాం, రాంచ్ గైడూ నేనూ. మర్నాడు పొద్దున గైడు కుక్కని తెచ్చాడు. అది పట్టింది. ఇంకా బతికే ఉంది. రాత్రంతా బతికే ఉంది. గైడు ఇంకో గుండుతో ముగించాడు. చర్మం తీస్తే నా గుండు జబ్బ ఎముక మీద పగిలి పొడి పొడి అయిపోయింది. ఊపిరితిత్తుల్లోకి ఒక్క ముక్క కూడా పోలేదు. ఆ రేకు ముక్క అదే. మీ చేతుల్లో తిరుగుతున్నది.

తప్పెవరిది? గుండుదా? కాదండీ. అది దాని పని చేసింది. పల్చటి జంతువు కోసం, దూరం కోసం చేసిన గుండు అది. 300 గజాల్లో వేగం తగ్గాక కూడా విచ్చుకోవాలని మెత్తగా చేశారు. నేను దాన్ని 60 గజాల్లో, నిండు వేగంలో, ఎముక మీద కొట్టాను. గైడు ఒక్క మాటే అన్నాడు: "నీ తుపాకీ సరిపోతుంది, నీ పెట్టె సరిపోదు."

ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. త్రీ నాట్ ఎయిట్‌లో 165 గ్రెయిన్ల గుండు గొట్టం దాటేటప్పుడు సెకనుకి 2700 అడుగుల వేగం. 100 గజాల్లో 2500. 300 గజాలకి వచ్చేసరికి 2100 చిల్లర. అంటే ఒకే గుండు 30 గజాల్లో 2600తో తగలొచ్చు, 300లో 2100తో తగలొచ్చు. ఎక్కువ వేగంలో పగిలిపోకూడదు, తక్కువ వేగంలో ముడుచుకుని ఉండిపోకూడదు. మామూలు సీసం గుండ్లు 1800 దాకా విచ్చుకుంటాయి. రాగి గుండ్లు కొన్ని 2000 కింద మొండికేస్తాయి. ఎంత దాకా పనిచేస్తుందో తయారుచేసినవాళ్ళు చెబుతారు. పెట్టె కొనేముందు ఆ ఒక్క అంకె చదవండి. పెట్టె మీద దుప్పి బొమ్మ చూసి కొనకండి.

రకాలు గబగబా చెబుతాను. మొదటిది మామూలుది. రాగి తొడుగు, లోపల సీసం, ముక్కు దగ్గర సీసం బయటికి ఉంటుంది. చవక. చుక్కల జింకకి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. రెండోది, ఇందాక చెప్పిన ప్లాస్టిక్ మొనది. తొందరగా విచ్చుకుంటుంది, గాలిలో బాగా పోతుంది. మూడోది, తొడుగుకీ సీసానికీ టంకం వేసినట్టు అతికించినది. బాండెడ్ అంటారు. విచ్చుకుంటుంది కానీ విడిపోదు.

నాలుగోదానికి కథ ఉంది. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలో బ్రిటిష్ కొలంబియాకి మూస్ వేటకెళ్ళాడు. మూస్ అంటే మనుబోతుకి రెండింతలుండే దుప్పి. దాని ఒంటినిండా బురద ఎండి అట్టలు కట్టి ఉంది. ఆయన చేతిలో త్రీ హండ్రెడ్ మ్యాగ్నం తుపాకీ, చాలా వేగం. కాలిస్తే గుండ్లు పైపైనే పగిలిపోయాయి, లోపలికి దిగలేదు. ఆయనేం చేశాడు? ఇంకా పెద్ద తుపాకీ కొనలేదు. ఇంటికొచ్చి గుండునే మార్చాడు. నిలువుగా కోసి చూస్తే రెండు గిన్నెలు అడుగులు అతికించి పెట్టినట్టు ఉంటుంది. పై గిన్నెలో సీసం, కింది గిన్నెలో సీసం, మధ్యలో రాగి గోడ. పైది విచ్చుకుంటుంది, పగిలినా పగలనీ. గోడ దగ్గర ఆగిపోతుంది. కింది సగం బరువుతో తోసుకుంటూ పోతుంది. పార్టిషన్ అని పేరు. 1948లో కంపెనీ పెట్టాడు, ఇప్పటికీ అమ్ముతున్నారు. నాకు నచ్చేదేమిటంటే, విచ్చుకోవడం ఒక సగానికి, దిగడం ఒక సగానికి పంచి ఇచ్చేశాడు. శత్రువులిద్దరికీ చెరో గది.

అయిదోది మొత్తం రాగి. సీసం లేనే లేదు. ముక్కు దగ్గర గుంట ఉంటుంది, తగలగానే నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది. బార్న్స్ అనే గుండ్ల కంపెనీ వాళ్ళు 1989లో మార్కెట్లోకి తెచ్చారు, ఇప్పుడు అందరూ చేస్తున్నారు. నూటికి తొంభై ఐదు వంతుల బరువు అలాగే మిగులుతుంది. ఆ పువ్వు లాంటిది అదే.

నేను రాగికి మారాను. కారణం మనుబోతు కాదు. మా అమ్మాయి. కడుపుతో ఉన్నప్పుడు వచ్చి, "నాన్నా, ఈ మాంసంలో సీసం ఉండదా?" అంది. ఉంటుంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానంగా ఇచ్చిన జింక కైమాలో సీసం తునకలు బయటపడ్డాయి, పంచొద్దని అక్కడి ఆరోగ్యశాఖ చెప్పింది. గర్భిణులూ ఆరేళ్ళ లోపు పిల్లలూ సీసం గుండుతో కొట్టిన మాంసం తినొద్దని కూడా సలహా ఇచ్చింది. తునకలు కంటికి కనపడవు, పంటికి తగలవు. గాయం నుంచి జానెడు దూరం దాకా చిమ్ముతాయి. కాలిఫోర్నియాలో కాండోర్ అనే రాబందులకి ఇదే పెద్ద గండం. వేటగాళ్ళు వదిలేసిన పేగులు తిని సీసంతో చచ్చాయి. 1982లో మొత్తం 22 మిగిలాయి ఆ పక్షులు. 2019 జులై నుంచి అక్కడ వేటలో సీసం పూర్తిగా నిషేధం. టెక్సాస్‌లో అలాంటి నిషేధం లేదు. మా ఇంట్లో ఉంది. మా అమ్మాయి పెట్టింది.

రాగికీ ఇబ్బందులున్నాయి. సీసం కన్నా తేలిక లోహం, అందుకే అదే బరువుకి గుండు పొడుగవుతుంది. గుండు నేరుగా పోవాలంటే గొట్టం దాన్ని గిరగిరా తిప్పి పంపాలి. కొన్ని గొట్టాలు పొడుగు గుండుని సరిగ్గా తిప్పలేవు, గురి చెదురుతుంది. కాబట్టి ఒక మెట్టు దిగండి. సీసంలో 180 వాడేచోట రాగిలో 165, 168 చాలు, 150 కూడా చాలామంది వాడతారు. బరువు పోగొట్టుకోదు కాబట్టి తక్కువతోనే లోతుకి పోతుంది. ధర ఎక్కువ, అదొకటి.

"సార్, ఇంకా లావు గుండు వాడితే?" అని ఇందాక తమ్ముడొకరు అడిగారు. చూడండి, ఒకే బరువున్న గడ్డపారా, సమ్మెటా తీసుకోండి. నేలలోకి ఏది దిగుతుంది? గడ్డపార. బరువంతా సన్నటి మొన వెనక ఉంది. గుండూ అంతే. లావుని బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె ఒకటి ఉంది, సెక్షనల్ డెన్సిటీ. త్రీ నాట్ ఎయిట్‌లో 150 గ్రెయిన్లకి 0.226, 180కి 0.271. సన్నటి సిక్స్ పాయింట్ ఫైవ్ (6.5 మిల్లీమీటర్ల) గుండులో 140 గ్రెయిన్లకే 0.287 వస్తుంది. అందుకే సన్న తుపాకీని తక్కువగా చూడకండి. కానీ ఈ అంకె గుండు పగలకుండా ఉన్నంతవరకే. పగిలితే గడ్డపార లేదు, మేకులే.

మరి మూడు జంతువులకి మూడు పెట్టెలు కొనాలా? నా మాట వింటే వద్దు. ఒక్కటే కొనండి, మనుబోతుకి సరిపోయేది. 165 బాండెడ్ గానీ, 180 పార్టిషన్ గానీ, 165 రాగి గానీ. మనుబోతుకి సరిపోయే గుండు చుక్కల జింకని పడేస్తుంది, మహా అయితే ఇంకో ముప్ఫై గజాలు నడిచి పడుతుంది. జింకకి సరిపోయే గుండు మనుబోతుని ఏం చేసిందో మీ చేతుల్లోనే చూశారు. కృష్ణజింక ఒక్కటే చిన్నది, గట్టి గుండు విచ్చుకునేలోపే దాటిపోతుంది. దానికి ఊపిరితిత్తుల వెనక వైపు కాకుండా జబ్బల మీద పెట్టండి, ఎముక తగిలితే విచ్చుకుంటుంది. ఇంకోటి, ఇది అస్సలు మర్చిపోకండి. గట్టి గుండు అటువైపు బయటికి పోతుంది. ఇవన్నీ మందలో తిరుగుతాయి. వెనక ఇంకో జంతువు ఉంటే కాల్చకండి. ఆగండి. కదులుతుంది. ఆగండి.

మనుబోతుకి గురి ఎక్కడ? తెల్లతోక జింకలకి అలవాటుపడినవాళ్ళు జబ్బ వెనక పెడతారు. మనుబోతుకి ఊపిరితిత్తులు కాస్త ముందుకి, కిందికి ఉంటాయి. జబ్బ మీదే పెట్టాలి. అందుకే కదా ఎముక విరగ్గొట్టి పోయే గుండు కావాలంటున్నాను! గుండు ఎన్నిక, గురి ఎన్నిక రెండు వేరు వేరు కాదు. ఓరగా నిలబడి పిరుదు చూపిస్తుంటే మాత్రం వదిలెయ్యండి. పొట్టలో తడి గడ్డి బస్తాడు ఉంటుంది, ఏ గుండూ దాన్ని దాటి గుండెకి నమ్మకంగా వెళ్ళదు.

ఆఖరిది. రేంజిలో చవక తూటాలతో గురి సరిచేసుకుని, వేటకి ఖరీదు పెట్టె తీసేవాళ్ళున్నారు. నేను చూశాను, 100 గజాల్లో నాలుగంగుళాలు తేడా వచ్చింది. ఏ గుండుతో వేటకి వెళతారో దాంతోనే గురి సరిచూసుకోండి. అది కూడా కూర్చుని బెంచి మీద కాదు. కర్రల మీద ఆనించి, నిలబడి.

ప్రశ్నలా? ... ఆ అక్క అడుగుతున్నారు, మాంసం వండితే ఎలా ఉంటుందని. చుక్కల జింకలో కొవ్వు ఉండదు, వేపుడుకి బావుంటుంది. మనుబోతు పొట్టేలంత మెత్తగా ఉండదు కానీ, గోంగూరలో వేసి కుక్కర్లో ఆరు విజిల్స్ ఇవ్వండి. ... ఈ బాబు అడిగేది, మొదటి దెబ్బకి పడకపోతే? రెండోది వెంటనే. మెచ్చుకుంటూ నిలబడకండి. నిలబడి ఉన్నంతవరకూ కాలుస్తూనే ఉండండి. ... లేదండీ, ఆ రాత్రి తర్వాత రెండేళ్ళు మనుబోతుకి వెళ్ళలేదు.

సరే, పొట్లాలు ఎక్కడి దాకా వచ్చాయి? ఒకటి వచ్చింది, పువ్వుది. రెండోది? వెనక వరస, రేకు ముక్క ఎవరి దగ్గర ఉందో చూడండి. కింద పడిందేమో, కుర్చీల కింద చూడండి. అది పోతే మళ్ళీ ఇంకోటి తేలేను.